గోడ అవతలి పిలుపు

మెకానిక్ కొట్టుకీ దర్జీ కొట్టుకీ మధ్య ఒక్క రేకు గోడే అడ్డం. ఏళ్ళ తరబడి మధ్యాహ్నం టీ వేళకు దర్జీ కత్తెరతో ఆ రేకు మీద తట్టి, వస్తున్నావా అని కేకేసేవాడు. ఇవతలి నుంచి స్పానర్ దెబ్బ జవాబుగా వెళ్ళేది.

ఏడాదిగా ఆ జవాబు లేదు. మెకానిక్ కుడిచెవి పూర్తిగా మూతపడింది, ఎడమదీ అంతంతమాత్రమే; ఎదురుగా నిలబడి మాట్లాడితే పెదాలు చూసి పోల్చుకుంటాడు. ఈ సంగతి భార్యకు తప్ప ఎవరికీ తెలియదు. ఇంజన్ మోత విని జబ్బు చెప్పేస్తాడని ఊళ్ళో అతనికి పేరు. చెవుడని తెలిస్తే బండి ఎవడు తెస్తాడు? అందుకే అరచెయ్యి ఇంజన్‌కి ఆనించి, దాని అదురును బట్టి పని లాక్కొస్తున్నాడు. దేవుడు ఆ అరచేతిని చల్లగా చూడబట్టి ఇంతవరకూ ఎవరూ పసిగట్టలేదు.

ఆ ఆదివారం పొద్దున్నే దర్జీ క్యారియర్ పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. తుక్కు కింద కొని మెకానిక్ బాగుచేసుకున్న జీపులో సరదాగా కొండమీదికి పోయొద్దామన్నాడు. ఎన్నడూ లేనిది, చొక్కా ఇస్త్రీ చేసుకుని మరీ వచ్చాడు. మెకానిక్‌కి కారం పడదని అతని గిన్నె విడిగా సర్దించుకొచ్చాడు.

కొండ మొదట్లోనే తారు రోడ్డు అయిపోయింది. అక్కణ్ణించి రాళ్ళ బాట. దర్జీ ముచ్చటపడితే మెకానిక్ స్టీరింగ్ అతనికిచ్చి ఎడమపక్కన కూర్చున్నాడు. కుట్టుమిషన్ తొక్కినట్టు క్లచ్ తొక్కుతున్నావని వెక్కిరించాడు. దర్జీ ఏదో అన్నాడు. అటున్నది కుడిచెవి కావడంతో ఒక్క ముక్కా అందలేదు. అందరి దగ్గరా నవ్వినట్టే నవ్వి ఊరుకున్నాడు. దర్జీ మొహం చిన్నబోయింది.

ఒక ఎత్తు మలుపులో బాటకు రాళ్ళు అడ్డం పడి ఉన్నాయి. మెకానిక్ దిగి ముందుకెళ్ళి, వంగి ఒక్కొక్కటే పక్కకు దొర్లించాడు. చివరిది నెట్టి వెనక్కి తిరిగేసరికి జీపు ఉన్నచోట లేదు. బ్రేకు మీద దర్జీ కాలు పట్టుతప్పి దిగువకు జారింది. వెనక చక్రం కొండవైపు గాడిలో కూరుకుని ఆగింది. రెండో పక్క లోయ. దేవుడున్నాడు. దర్జీ హారన్ మీద చెయ్యి ఇంకా తియ్యలేదు. పరుగున దగ్గరికొచ్చేదాకా ఆ మోత మెకానిక్‌కి దోమ రొదలా కూడా వినపడలేదు.

మెకానిక్ మొదట చక్రాల వెనక రాళ్ళు పెట్టాడు. దర్జీ దిగి, గుక్కెడు నీళ్ళు తాగి, ఎదురుగా వచ్చి నిలబడ్డాడు.

"హారన్ కొట్టినా తిరిగి చూడనంత కోపమేంట్రా నా మీద?"

తర్వాత గుండెలో ఉన్నదంతా కక్కేశాడు. కిందటేడు చొక్కాకి జేబు వంకరగా కుట్టిన దగ్గర్నుంచీ మెకానిక్ పలకడం మానేశాడట. గోడ కొట్టీ కొట్టీ విసుగొచ్చిందట. ఇవాళ ఎలాగైనా రాజీపడదామనే బయల్దేరదీశాడట.

జేబు వంకరని మెకానిక్‌కి ఇప్పటిదాకా తెలియనే తెలియదు. అవును, కోపమే అనేస్తే సరిపోయేది. చెవి సంగతి బయటికి రాదు, కూటికి ఢోకా ఉండదు. కానీ ఇస్త్రీ చొక్కా చెమటకు ఒంటికంటుకుపోయిన ఆ మనిషిని చూస్తూ అబద్ధమాడడానికి నోరు రాలేదు.

"వినపళ్ళేదురా. ఏడాదిగా నువ్వు పిలుస్తున్నట్టే నాకు తెలీదు."

దర్జీ అతని చెవుల వంక చూశాడు, ఏడాదిగా గోడ కొట్టిన తన చేతుల వంక చూసుకున్నాడు. దగ్గరగా వచ్చి గొంతు పెంచాడు.

"సూదిలో దారమెక్కించడానికి నేను కళ్ళజోడు పెట్టిన్నాడు ఎవరైనా బట్టలు కుట్టించుకోవడం మానేశారట్రా? రేపు రెండు కొట్లూ మూసేసి చెవి డాక్టరు దగ్గరికి పోదాం. నేనూ వస్తా. ఆయన చెప్పింది నీకు వినపడొద్దూ?"

మెకానిక్‌కి నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. మనసులోనే దేవుడికి దణ్ణం పెట్టుకున్నాడు.

అక్కడే బండరాయి మీద కూర్చుని భోంచేశారు. జీపును గాడిలోంచి లాగి కిందికి తిప్పారు. ఈసారి మెకానిక్ నడిపాడు. అలాగైతే దర్జీ ఎడమచెవి వైపుకొస్తాడు. గోడ అవతల ఏడాదిపాటు తనలో తను మాట్లాడుకున్నవన్నీ దర్జీ మొదట్నుంచీ ఎత్తుకున్నాడు. ఇంజన్ రొదలో మాట మునిగిపోయినప్పుడల్లా మెకానిక్ నవ్వి ఊరుకోలేదు. జీపు ఆపి, తల అటు వంచి, "మళ్ళీ చెప్పు" అన్నాడు.