మళ్లా వచ్చి అడుగు

అత్త చనిపోయిందని అమ్మ ఫోన్ చేసినప్పుడు నేను ల్యాబ్‌లో ఉన్నాను. ఆమె మాకు చుట్టం కాదు, పక్కింటి మనిషి. ఒకరి నెత్తురును ఎలా అడిగి తీసుకోవాలో నాకు నేర్పింది మాత్రం ఆమే.

కోయంబత్తూరులో మాది పాత తెలుగు కాలనీ. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం. అత్త ఆసుపత్రిలో ఆయాగా చేసి రిటైరైంది. చంటిపిల్లకు సూది వేయించినా చెయ్యి పట్టుకుని, "ఇప్పుడు కుచ్చుకుంటాది, కన్నా" అని ముందే చెప్పేది.

అప్పట్లో జన్యు పరిశోధనలో నాకు కొత్తగా ఉద్యోగం వచ్చింది. తరతరాలుగా మాలో మాకే పెళ్లిళ్లు కాబట్టి మా కాలనీ రక్తం ల్యాబ్‌కు కావాల్సి వచ్చింది. కుళాయి దగ్గర నిలబడి ఒక్క పొద్దున నలభై సంతకాలు పెట్టించేశాను. రక్తం విదేశీ ల్యాబ్‌లకూ పోవచ్చని రాసున్న ఆ తమిళ కాగితాన్ని ఒక్కరూ చదవలేదు. గొప్పగా తెచ్చి అత్తకు చూపించాను.

"నువ్వు మన పిల్లవని కైయెళుత్తు పెట్టినారు" అంది. "నెత్తురు యాడికి పోతాదో, ఎన్నేండ్లు ఉంటాదో తెలిసి పెట్టలే. నేనే మేట్టుపాళయం దాటి పోలే. నా నెత్తురు నాకు చెప్పకుండా విమానమెక్కేదా?"

నాకు ఒళ్లు మండింది. అయినా ఆమె వదల్లేదు, ఇంటింటికీ వెంటబెట్టుకుని తిరిగింది. లోపల కూర్చుని, వాళ్లిచ్చిన నీళ్లు తాగి, ఇంటి తెలుగులో అంతా చెప్పాకే కాగితం బయటికి తీయనిచ్చేది. పదకొండు మంది వద్దన్నారు. నేను మొహం మాడ్చుకుంటే, "వద్దనేకి నేర్చినారు కదా, శరి" అని నవ్వింది.

తన కాగితంలో, వేరే పనికి వాడాలంటే మళ్లీ అడగాలన్న చోట టిక్కు పెట్టింది. "మళ్లా వచ్చి అడుగు. టీ పెడతా" అంది. తర్వాత రెండుసార్లు వెళ్లి అడిగాను. రెండుసార్లూ టీ ఇచ్చి, వంద ప్రశ్నలు వేసి, సరేనంది.

ఆమె పోయిన మూడో రోజున కొత్త పరిశోధన జాబితాలో ఆమె రక్తం గొట్టం నంబరు వచ్చింది. "ఇప్పుడు కాదనడానికి ఆవిడ లేదుగా, వాడేద్దాం" అన్నారు మా సారు. అవుననడానికీ లేదు సార్ అన్నాను. ఆయనకు కోపం వచ్చింది. నేను ఆ నంబరు కొట్టేశాను. ఉంటే ఒప్పుకునేదేమో, కానీ ఆ మాట ఆమె బదులు నేను అనలేను. సారుకు ఎదురు చెప్పే ధైర్యం నాకిచ్చింది అత్తే.

ఆమె గొట్టాన్ని వాడకూడని వాటి పెట్టెలోకి మార్చడానికి ఫ్రీజర్ తెరిచాను. మంచు తుడిస్తే నంబరు కనిపించింది. "అడిగేకి వచ్చినా అత్తా" అన్నాను. చూస్తుండగానే అంకెల మీద మళ్లీ మంచు పట్టింది.