తొమ్మిదో నాటి పడవ

మొన్న మా మనవరాలు ఫోను నా ముక్కు దగ్గర పెట్టి, "చూడు తాతా, నువ్వు మొదట పనిచేసిన ఊరి సముద్రం దగ్గర చేయదగ్గ పది పనులంట" అన్నది. గొడుగు కట్టుకుని గాల్లో ఎగరడం, నాలుగు చక్రాల బండి మీద ఇసుకలో తిరగడం, కాల్చిన చేప తినడం, ఇట్లా పదీ చదివింది. నేను కళ్లజోడు సర్దుకుని, "ఇవీ ఒక పనులేనా? నేనక్కడ పెద్దవలను ఒంటిచేత్తో లాగి ఒడ్డున పడేసినవాణ్ణి" అన్నాను. ఆ పిల్ల నమ్మేసింది. కాదంటే ఊరుకునేవాణ్ణేమో. నమ్మింది గనక అసలు సంగతి ఎక్కడో ఒకచోట రాసిపెట్టడం మంచిదనిపించింది.

అరవయ్యో దశకం మొదట్లో నాకు ఆ పాలెంలో ఉద్యోగం, ఒకే అయ్యవారు ఉండే బడిలో. నెల్లూరు నుంచి బస్సు పోగలిగినంత దూరం పోయి ఆగిపోయేది. అక్కడ పడవలో బకింగ్‌హాం కాలువ దాటి, సరుగుడు తోటల మధ్య గంటసేపు ఇసుకలో కాళ్లీడ్చుకుంటూ నడిస్తే నలభై గుడిసెలు, వాటి వెనక సముద్రం. నాకు పెళ్లయిన కొత్త. మా ఆవిడ ఇంకా కావలిలో పుట్టింట్లోనే ఉండేది. రైలు కూతలు వింటూ పెరిగిన మనిషి. సినిమా హాలు, కరెంటు దీపాలు, వీధి కొళాయి తెలిసిన మనిషి. ఏడాదిగా మాడిన అన్నం ఒంటరిగా తింటున్న నేను, ఆమెను రప్పించుకోవడానికి ఉత్తరాల్లో కాస్త పెంచి రాశాను. సముద్రానికి ఎదురుగా మేడ ఉందన్నాను. నిజానికి అది తాటాకు ఇల్లు. లోపల ఒక అటక, ఎక్కడానికి ఒక నిచ్చెన ఉండేవి కాబట్టి పూర్తిగా అబద్ధం కాదు. బజారు ఉందని కూడా రాశాను. వారానికోసారి ఒక ముసలాయన గంపలో ఉల్లిపాయలు తెచ్చేవాడు.

ఆమె వచ్చింది. అటకను చూసింది, నిచ్చెనను చూసింది, తరవాత నన్ను చూసింది. ట్రంకుపెట్టె గుమ్మం పక్కనే దించి, "ఎనిమిది రోజులు చూస్తా. ఈడ మనిషికి పొద్దుపొయ్యేదానికి ఏమన్నా ఉంటే ఉంటా. లేదంటే తొమ్మిదో నాడు పడవెక్కి పోతా. మీరు సెలవులకి కావలి వస్తా ఉండండి" అన్నది. కోపంగా కూడా అనలేదు. అందుకే భయమేసింది.

మొదటిరోజు సముద్రం చూపించాను. "చూశా. ఇంకేముంది?" అన్నది. రెండోరోజు ఎర్ర ఎండ్రకాయలు చూపించాను. ఇసుకంతా ఎర్రగా పరుచుకుని ఉంటాయి. అడుగు వేస్తే ఒక్కసారిగా బొరియల్లోకి మాయమవుతాయి. "మనుషులొస్తే అవి కూడా పారిపోతుండాయి" అన్నది. మూడోరోజు అలలకు యాభై అడుగుల దూరంలో మోచేతి లోతున ఇసుక తవ్వి చెలమ చేసి, ఊరిన తియ్యటి నీళ్లు నేనే కనిపెట్టినట్టు చూపించాను. పక్కనే పాలెం ఆడవాళ్లంతా చెలమల్లో కడవలు ముంచుకుంటున్న సంగతి ఆమె గమనించకపోలేదు. అయినా ఒక దోసిలి తాగి, ఇంకో దోసిలి కూడా పట్టింది. ఆ రెండో దోసిలి మీద ఆశ పెట్టుకుని ఆ రోజంతా బతికాను. నాలుగోరోజు కాలువలో తెరచాపలెత్తుకుని మద్రాసు వైపు పోయే ఉప్పు పడవల దగ్గరికి తీసుకుపోయాను. "కావలి పక్కకి ఎప్పుడెప్పుడు పోతాయి?" అని పడవవాణ్ణి అడిగింది. అవి చూపించి ఉండకూడదు. ఐదోరోజు ఏమీ మిగలక సముద్రాన్నే ఇంకోవైపు నుంచి చూపించాను. ఆరోరోజు ఆమె చీరలు మడతపెట్టుకుంది.

ఏడోరోజు పొద్దున పెద్దవల వేశారు. పడవ సముద్రంలో వలను చుట్టుతిప్పి వస్తే, దాని రెండు కొసల తాళ్లను జనం ఒడ్డు నుంచి రెండు వరసలుగా లాగాలి. ఆ రోజు సగంమంది ఏదో పెళ్లికి పోయారు. తాళ్ల దగ్గర పెత్తనం చేసే ముసలవ్వ మా వైపు తిరిగి, "ఏంది అయ్యోరా, కొయ్యబొమ్మలాగా నిలబడుండావు? చూస్తా ఉంటే వల వస్తాదా? వచ్చి తాడు పట్టు" అన్నది. భార్య పక్కనుండగా పట్టకుండా ఎట్లా ఉంటాను? ఒంటిచేత్తో లాగానన్నది ఇక్కడే. తాడుకు ఇరవైమంది ఉన్నారు. నా రెండో చెయ్యి పంచె జారకుండా పట్టుకోవడానికి సరిపోయింది.

పది బారలు లాగేసరికి అరచెయ్యి బొబ్బలెక్కింది. అంతలో ఒక అల వచ్చి కాళ్లకింద ఇసుక లాగేసింది. కూలబడ్డాను.

"అయ్యోరు పడినాడు" అన్నారెవరో.

"పడనీ. తాడు వదలబాకండి" అన్నది అవ్వ.

కళ్లలో ఉప్పునీళ్లు తుడుచుకుని చూస్తే నా చోటులో మా ఆవిడ. కొంగు నడుముకు దోపుకుని, అందరితోపాటు వెనక్కి వెనక్కి అడుగులేస్తోంది. వరస చివరిదాకా పోయి, మళ్లీ నీళ్ల అంచుకు పరుగెత్తి తాడు పట్టుకుంటోంది. "చాల్లే, ఇవతలికి రా, చేతులు పోతాయి" అన్నాను. "మీరు పక్కకి జరగండి, అడ్డం" అన్నది. రెండు గంటలు లాగింది, వల ఒడ్డెక్కేదాకా.

చేప గొప్పగా ఏం పడలేదు. ఎంత పడినా తాడు పట్టిన ప్రతి మనిషికీ ఒక పోగు ఇవ్వడం అక్కడి పద్ధతి. ఇసుక మీద సమంగా పోగులు పోస్తారు. ఒకరు పోగుల్ని చూడకుండా సముద్రం వైపు తిరిగి నిలబడతారు. ఇంకొకరు ఒక పోగు దగ్గర కర్ర ఆనించి "ఇది ఎవురిది?" అంటే, ఆ చూడని మనిషి ఏ పేరు చెబితే వాళ్లదే. ఇక తగవు లేదు. ఆ రోజు పేర్లు చెబుతున్నది అవ్వ. సగం పోగులయ్యాక ఆగి, వెనక్కి తిరక్కుండానే, "అయ్యోరి పెండ్లామా, నీ పేరేంది?" అని అడిగింది. మా ఆవిడ చెప్పింది. ఆ పేరు ఇక్కడ రాస్తే ఊరుకోదు గాని, అవ్వ దాన్ని సముద్రానికి వినపడేట్టు పిలిచింది.

"మరి అయ్యోరికి?" అని కర్ర పట్టుకున్నాయన అడిగాడు.

"కూకున్నోళ్లకి పోగు యాడుంటాది?" అన్నది అవ్వ.

మధ్యాహ్నం ఆ చేపలు మామిడికాయ వేసి పులుసు పెట్టింది. బొబ్బలెక్కిన చేతులతోనే నాకూ వడ్డించింది. తొమ్మిదో నాడు కాలువలో పడవ వచ్చి, కాసేపు చూసి, వెళ్లిపోయింది. ట్రంకుపెట్టె అటకెక్కింది, మేడ ఎక్కిందని నేనంటాను. ఆ పాలెంలో ఏడేళ్లు ఉన్నాం. మా పెద్దవాడు అక్కడే పుట్టాడు. పురుడు పోసింది ఆ అవ్వే. ఆ చల్లని తల్లికి అప్పుడు దండం పెట్టాలని తోచలేదు. ఇప్పుడు పెడుతున్నాను. చివరికి నేను చూపించిన సముద్రమే మా ఆవిణ్ణి కట్టిపడేసిందని నా నమ్మకం. ఆ ఎనిమిది రోజులూ గడపడానికి పడ్డ పాట్లు ఒక్కొక్కటీ గుర్తున్నాయి గాని, ఆ తరవాత అరవై ఏళ్లు ఎట్లా గడిచాయో మాత్రం తెలియదు.

ఇంతవరకు రాసి మా ఆవిడకు చదివి వినిపించాను. వక్క కత్తిరిస్తూ అంతా వింది.

"అడ్డం జరగమన్న మాట నిజమే. మిగతాది మీ సముద్రం చూసీ కాదు, మిమ్మల్ని చూసీ కాదు. పుట్టింట్లో మా అన్నలు తిన్నాక, పెళ్లయినాక మీ ఇంట్లో ఉన్న నాలుగు రోజులూ మీరందరూ తిన్నాక, మిగిలింది నాకు. నా పేరు పెట్టి పిలిచి ఇది నీది అన్నది ఆ అవ్వొక్కతే. అందుకు ఉండిపోయినా" అన్నది.