దాటకూడని రాయి

షిగెనోగారికి భయపడడానికి కారణం అక్కర్లేదు. మా గుడిలో టికెట్లు చింపేది నేను. వచ్చినవాళ్ళ బూట్లు అరల్లో సర్ది, తోటలో తిరగడానికి చెక్క చెప్పులు ఇచ్చేది ఆవిడ. ముందు క్యోటోలోనే పట్టు నేసేది. మగ్గాలు మూతపడ్డాక ఇక్కడికి వచ్చింది. దారం ఎప్పుడు తెగుతుందో అన్న భయం అక్కడే పట్టుకుందని నా అనుమానం. అగరుపొగ కాస్త ఎక్కువైతే గుడి అంటుకుందంటుంది. గాలి వీస్తే దేవదారు కూలుతుందంటుంది.

"కూలితే ముందు మీమీదే కూలుతుంది. మాకు చప్పుడు వినిపిస్తుందిలెండి" అని ఏడిపించేవాణ్ణి.

"నవ్వు మికియో, నవ్వు. నీకూ అరవై రానీ" అనేది.

ఆవిడ చేతిలో ఉన్న అధికారమంతా ఒక రాయి. కొబ్బరికాయంత గుండ్రాయి, నల్లతాడుతో కట్టి ఉంటుంది. దాన్ని బాట మధ్యలో పెడితే ఇక దాటకూడదని. గోడ అక్కర్లేదు, కాపలా అక్కర్లేదు. మావాళ్ళెవరూ దాటరు. రోజూ తోట మూసేముందు కొలను వెనక్కి పోయే బాట మొదట్లో పెట్టేది. ఆ సాయంత్రం మంచు మొదలైంది. జారిపడతానన్న భయంతో త్వరగా పెట్టేసి వచ్చింది.

జనం వెళ్ళిపోయారు. నేను గేటు వేయబోతుంటే పిలిచింది.

"మికియో, ఒకసారి ఇలా రా."

అరలో ఒక జత మగవాళ్ళ బూట్లు మిగిలి ఉన్నాయి. మడమలు అరిగాయి.

"ఎవరో చెక్క చెప్పులతోనే వెళ్ళిపోయుంటారు" అన్నాను.

"ఈ మంచులోనా? మధ్యాహ్నం వచ్చిన పెద్దాయనవి. ఒక్కడే వచ్చాడు. కొలను ఎంత లోతని అడిగాడు నన్ను."

ఈసారి నాకు నవ్వు రాలేదు.

టార్చి పట్టుకుని పరిగెత్తాం. వసారాలో లేడు, టీ గదిలో లేడు, వెదురు పొదల్లో లేడు. కొలను దగ్గర ఆవిడ నా చొక్కా చెయ్యి పట్టుకుని వదల్లేదు. నీళ్ళమీద టార్చి వెయ్యమంటుంది, వేస్తే కళ్ళు మూసుకుంటుంది.

"ఉన్నాడా? చెప్పు, ఉన్నాడా?"

నాకూ నల్లటి నీళ్ళలో తేలే ప్రతి ఆకూ చెయ్యిలాగే కనిపించింది.

ఇక మిగిలింది వెనక బాట. "అక్కడ రాయి పెట్టేశాను. అటెవరు వెళ్తారు" అంది. అయినా వెళ్ళాం.

రాయికి అవతల, బాటమీద, ఒక పెద్దాయన మోకాళ్ళు ముడుచుకుని కూర్చున్నాడు. టోపీమీద మంచు పేరుకుంది. పెదవులు నీలంగా ఉన్నాయి. చచ్చిపోయాడనే అనుకున్నాను. అంతలో మమ్మల్ని చూసి తల వంచాడు.

"మన్నించండమ్మా. అవతల చేపలు చూస్తూ ఉండిపోయాను. చలికి అడుక్కి దిగిపోతున్నాయి. తిరిగి వచ్చేసరికి రాయి పెట్టేశారు."

"దాటి రావచ్చు కదండీ" అన్నాను.

"రాయి ఉంది కదా బాబూ."

"పోనీ, కేకైనా వేయకపోయారా?"

"గుళ్ళో కేకలేమిటి, బాగుండదు."

షిగెనోగారు రాయిని పక్కకు జరిపింది. ఆ తర్వాతే ఆయన లేచాడు. ఆవిడ తన శాలువా తీసి ఆయన భుజాలకు చుట్టింది.

"నేను బూట్లు చూడకుండా ఇంటికి వెళ్ళిపోయుంటే ఏం చేసేవారు?"

ఆయనకు ఆ ప్రశ్న అర్థం కానట్టుంది.

"పొద్దున మీరే వచ్చి తీసేవారు కదమ్మా" అన్నాడు.

షిగెనోగారు ఆ మంచులోనే కూలబడిపోయింది.