మెర్సీ డబ్బాలో పొట్టి వైరు

నిన్న పొద్దున బీరకాయ చెక్కు తీస్తుంటే ఫోన్ వచ్చింది. మెర్సీ వాళ్ళమ్మాయి.

"ఆంటీ, అమ్మ ఇక లేదు. రాత్రి గుండెపోటు వచ్చింది."

పీలర్ చేతిలో అలాగే ఉండిపోయింది. ఆదివారం చర్చి నుంచి వచ్చాక నాతో ఫోన్‌లో గంటసేపు నవ్విన మనిషి. ఈవిడకు గుండెపోటు ఏమిటి?

షాక్ కాస్త తగ్గాక నా మనసులోకి వచ్చిన మొదటి మాట చెప్తాను, తిట్టుకునేవాళ్ళు తిట్టుకోండి. 'ఇందులో కూడా నాకంటే ముందేనా?'

అవును. మెర్సీ అంటే నాకు కుళ్ళు. నా బెస్ట్ ఫ్రెండే, కాదనను. కుళ్ళు మాత్రం ఇవాళ్టికీ పోలేదు.

తెలియనివాళ్ళ కోసం: తొంభైల్లో, ఆ తర్వాత ఇంకొన్నేళ్ళు మేమిద్దరం ఒకే ఆర్కెస్ట్రాలో పాడేవాళ్ళం. ప్రాక్టీస్ రూమ్ అబిడ్స్‌లో, ఒక చెప్పుల షాపు పైన. ప్రోగ్రాములు ఎక్కువగా నాంపల్లి ఫంక్షన్ హాళ్ళలో, పెళ్ళి రిసెప్షన్లు. తను సికింద్రాబాద్ చర్చి క్వయర్ నుంచి వచ్చింది. నేను ఖైరతాబాద్ నుంచి, సిటీ బస్సులో వేలాడుతూ.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తల్లో, ఆర్కెస్ట్రా నడిపే మా సార్ ఒక ఇన్-ఇయర్ సెట్ తెప్పించారు. స్టేజీ మీద డ్రమ్స్ ఎంత మోగినా మన గొంతు మనకు వినిపించే ఇయర్‌ఫోన్స్. అప్పట్లో అది మాకు పెద్ద అబ్బురం.

సెట్ ఒక్కటే. సింగర్లం ఇద్దరం.

సార్ నన్ను చూశారు, ఆమెను చూశారు, మెర్సీ చేతిలో పెట్టారు.

"నీ చేతిల ఏదీ నిలవది సుజాతా" అన్నారు నాతో.

నిజమే. నా వాక్‌మన్ ఇయర్‌ఫోన్స్‌కు రెండు నెలలకోసారి ఒక చెవి పోయేది. పెట్టుకునే నిద్రపోయేదాన్ని. తీసేటప్పుడు వైరు పట్టి లాగేదాన్ని. అయినా అందరి ముందూ అనాలా?

ఇక మెర్సీ జాగ్రత్త చూస్తే ఒళ్ళు మండేది. ప్రోగ్రామ్ అవగానే మేమంతా భోజనాలకు పరుగెత్తితే ఆవిడ కుర్చీలో కూర్చునేది. ఇయర్‌ఫోన్స్ చివర ఉండే రబ్బరు టోపీలు ఊడదీసి, పొడి గుడ్డతో తుడిచేది. చిన్నపిల్లల టూత్‌బ్రష్ తెచ్చుకుని, జాలీ కిందికి వంచి పట్టుకుని మెల్లగా దులిపేది. వైరును మూడు వేళ్ళకు వదులుగా చుట్టి, దగ్గు బిళ్ళల రేకు డబ్బాలో పెట్టేది. డబ్బాలో తేమ పీల్చే పొట్లం కూడా ఉండేది, కింద చెప్పుల షాపులో అడిగి తెచ్చుకున్నది.

"వైరు గుంజకే సుజాతా, పిన్ను పట్టుకొని తియ్యాలె. గట్టిగ చుడితే గాడనే తెగుతది" అనేది.

నేను విననట్టు బిర్యానీ వడ్డించుకునేదాన్ని.

ఒకసారి మెర్సీకి జ్వరం వచ్చింది. డబ్బా నాకు పంపించింది.

ఆ సాయంత్రం నా గొంతు నాకు అంత స్పష్టంగా వినిపించడం అదే మొదటిసారి. ఈ సుఖం రోజూ ఆవిడ ఒక్కత్తిదేనా అనిపించి కడుపు రగిలిపోయింది.

అయిపోయాక ఆ ఊపులో, జడకు మల్లెదండ చుట్టినట్టు వైరును నడుముకు తగిలించుకునే రిసీవర్ పెట్టె చుట్టూ బిగించి హ్యాండ్‌బ్యాగులో కుక్కేశాను. మొజంజాహీ మార్కెట్ దగ్గర ఆగి సీతాఫలం ఐస్‌క్రీమ్ కూడా తిన్నాను.

మర్నాడు పెట్టుకుని చూస్తే ఎడమ చెవి చచ్చిపోయింది.

మెర్సీ చుట్టినట్టే వదులుగా చుట్టి, డబ్బాలో పెట్టి, ఏమీ ఎరగనట్టు తిరిగి ఇచ్చేశాను.

తర్వాతి ప్రోగ్రాములో మొదటి పాట తనదే. ఎప్పుడూ తనదే. ఒక్క చెవితో పాడుతూ మధ్యలో శ్రుతి తప్పింది. మెర్సీ శ్రుతి తప్పడం మేమెవ్వరం ఎరగం. స్టేజీ దిగాక సార్ సెట్ పరీక్షించి చూశారు.

"ఏంది మెర్సీ, గిట్ల జేసినవ్?"

ఆవిడ వైరు మీద మిగిలిన మడతలను వేలితో తడిమింది. నా వైపు ఒక్కసారి చూసింది.

"నేనే సార్. గట్టిగ చుట్టిన."

ఆ మాటతో నాకు తెలిసిపోయింది, ఆవిడకు అంతా తెలుసని.

ఆ పెళ్ళిళ్ళ సీజన్ మొత్తం మొదటి పాట సార్ నాకిచ్చారు. నేను పాడాను. నోరు విప్పలేదు.

మెర్సీ నాంపల్లిలో రేడియోలు బాగుచేసే ఆయన దగ్గరికి వెళ్ళి, తెగిన ముక్క కత్తిరించి కొత్త పిన్ను వేయించుకుంది. వైరు జానెడు పొట్టిదైంది. నన్ను ఒక్క మాట అనలేదు.

దానికీ కుళ్ళుకున్నాను. తిట్టి ఉంటే నేనూ నాలుగు అనేదాన్ని, చెల్లుకు చెల్లు అయిపోయేది. మంచితనంతో గెలిచిన మనిషితో ఏమని పోట్లాడతాం?

నిన్న మధ్యాహ్నం వాళ్ళింట్లో ప్రార్థన అయ్యాక అమ్మాయి నన్ను లోపలికి పిలిచింది. చేతిలో అదే రేకు డబ్బా. ఆర్కెస్ట్రా మూసేసినప్పుడు సార్ ఆ ఇయర్‌ఫోన్స్ మెర్సీకే ఇచ్చేశారు.

ఫోన్‌కు పెట్టి నా చెవుల్లో పెట్టింది. రెండు వైపులా పలుకుతున్నాయి. ఈ ఇన్నేళ్ళలో నేను ఎన్ని జతలు పారేశానో లెక్కలేదు.

"వైరెందుకు పొట్టిగ ఉందని చిన్నప్పుడు అడిగిన ఆంటీ. నేనే పొగరుతోని గట్టిగ చుట్టి తెంపిన అన్నది అమ్మ. అందుకే మమ్మల్ని ఏదైనా మెల్లగ పట్టుకోమనేది."

కడుపున పుట్టిన పిల్లకు కూడా నా పేరు చెప్పలేదు.

ఆ పిల్ల ముఖం చూసి నిన్న కూడా నా నోరు పెగల్లేదు. అందుకే అందరూ చదివేలా ఇక్కడ పోస్టు రాస్తున్నాను.

సార్, మీరు ఇది చదువుతారని తెలుసు. ఆ వైరు తెంపింది మెర్సీ కాదు, నేను. ఆ సీజన్ పాటలు నావి కావు.

పాపా, నువ్వూ చదువు. మీ అమ్మ చేతిలో ఏదీ తెగలేదు. నాతో స్నేహం కూడా.

మెర్సీ, నీకు నాలాంటి ఫ్రెండ్ దొరికింది, నాకేమో నీలాంటిది దొరికింది. ఒక్క ఈ విషయంలోనే నువ్వు నా మీద కుళ్ళుకోవాల్సింది.

నీ ప్రభువు దగ్గర మొదటి పాట నువ్వే పాడు. రెండు చెవులా నీ గొంతు నీకు వినపడాలి. ప్రశాంతంగా ఉండు.