హగరి యార్డులో రెండో సర్వరు

గనులు జోరుగా నడుస్తున్న కాలంలో నేను బళ్లారి కంటోన్మెంటులో ఒక ఖనిజ రవాణా కంపెనీ ఆఫీసులో కంప్యూటర్లు చూసుకునేవాణ్ణి. మా అన్న అదే కంపెనీకి ఊరి బయట హగరిలో, లారీలు ఖనిజం దింపే యార్డులో సూపర్‌వైజరు. ఫోన్లు, మెయిళ్లు అన్నీ ఆఫీసులోని ఒకే సర్వరు మీద నడిచేవి. ఒకసారి అది చెడిపోయి, కబురందక లారీలు ఎక్కడివక్కడ నిలిచిపోయాయి. ఇంకోసారి ఇట్లా కాకుండా ఏదైనా చూడమని యజమాని నాకు చెప్పాడు.

ఫోన్లకు ఒక సర్వరు, మెయిళ్లకు ఒకటి అని పనులు విడదీశాను. ఫోన్ల సర్వరు ఆగితే ఆ పని వెంటనే అందుకోవడానికి యార్డులో ఇంకొకటి పెట్టాలన్నాను. అన్న పాత టైర్ల గదిని ఖాళీ చేయించి, ఎర్రదుమ్ము రాకుండా కిటికీకి టార్పాలిన్ కొట్టించాడు. మిషన్ చల్లగా ఉండాలని నేనంటే తన గదిలోని ఏసీ విప్పించి అక్కడ బిగించాడు.

"మిషన్‌కు ఏసీ, నాకు ఫ్యానా? కానీలేప్పా" అన్నాడు.

ఆ వానాకాలంలో ఒక మధ్యాహ్నం ఆఫీసులోని ఫోన్ల సర్వరు ఆగిపోయింది. బల్లల మీది ఫోన్ల తెరలు నల్లబడి, అంతలోనే మళ్లీ వెలిగాయి. యార్డు సర్వరు పని అందుకుందని తెలిసి కుదుటపడుతుండగా నా బల్ల మీది ఫోను మోగింది. యార్డులో లారీలు తూకం వేసే ఆయన.

"లారీ రివర్సు తీస్తాంటే మీ అన్నకు తగిలిందప్పా. అన్న లేడు."

"ఏ ఫోన్లో మాట్లాడతాండావు?" అన్నాను.

"యార్డు ఫోన్లోనేప్పా" అన్నాడాయన.

సరేనని పెట్టేసి, బండి తీసి హగరికి పోయాను. దారి గుర్తులేదు. అన్న మీద దుప్పటి కప్పి ఉంది. ఎవరో టీ ఇస్తే తాగాను. వదిన వచ్చి నన్ను పట్టుకుని ఏడ్చింది. నాకు ఏడుపు రాలేదు.

కర్మ అయ్యాక యజమాని ఇంటికొచ్చి వదినను పలకరించాడు. పోతూ నాతో, "ఆ దినం ఒక్క ఫోనూ ఆగలేదప్పా" అన్నాడు. మంచి మనసుతోనే అన్నాడు. తల ఊపాను.

నేను మళ్లీ పనిలోకి పోయేసరికి యార్డుకు కొత్త సూపర్‌వైజరు వచ్చి ఉన్నాడు. అన్న ఫోను నంబరు ఆయనకు మార్చాలి. అన్న పేరు చెరిపి ఆయన పేరు కొట్టాను. సరిగ్గా మారిందో లేదో చూద్దామని ఆ నంబరుకు ఫోను చేశాను.

"ఎవురప్పా?" అన్నాడాయన.

కంటోన్మెంటు ఆఫీసు నుంచి అని చెప్పాను. బాగానే వినబడుతోందా అని అడిగాను. వినబడుతోందన్నాడు.