రెండో కుండ

పోయిన నెల మా చర్చి పెద్దలు ఒక విషయం మీద గట్టిగా వాదులాడుకున్నారు. ఊరి గుట్టను తవ్వి అమ్ముకుంటున్న కాంట్రాక్టరు ఒకాయన చర్చికి నేల బండలు పరిపిస్తానన్నాడు. తీసుకుంటే తప్పేమిటని సగం మంది, ఆ చేతి నుంచి వద్దని సగం మంది. చివరికి పెద్దామె ఉంది కదా అడుగుదామని అందరూ నావైపు తిరిగారు. మోకాళ్లు నొప్పులని చెప్పి నేను లేచి ఇంటికొచ్చేశాను. నొప్పి మోకాళ్లలో లేదు. ఎవరు తెచ్చింది దేవుడి ముందు పెట్టాలి, ఎవరిది వేరుగా పెట్టాలి అన్న మాట చెవిన పడితే నాకు ఇప్పటికీ కూర్చోబుద్ధి కాదు. యాభై ఏళ్ల కింద ఒక కుండ దగ్గర పట్టుకున్న జబ్బు ఇది.

అప్పటికి నాకు ఇరవై ఏళ్లు. మహబూబ్‌నగర్‌లో మిషన్ బోర్డింగు బడిలో చదువుకుని, ఒక సువార్తికుడిని పెళ్లి చేసుకుని, నార్కట్‌పల్లి దగ్గర ఒక చిన్న ఊరికి కాపురానికి వచ్చాను. మా ఆయన మంచివాడు. మంచివాళ్లతో కాపురం ఎంత కష్టమో చేసినవాళ్లకే తెలుస్తుంది. అబద్ధం ఆడడు, నన్ను ఆడనివ్వడు. ఆయన మాట ఆ చుట్టుపక్కల పది ఊళ్లలో చెల్లేది. దానికి ఆయన మురిసిపోయేవాడు కూడా. ఆ సంగతి మాత్రం ఒప్పుకునేవాడు కాదు.

ఊరికి దూరంగా ఉన్న వాడలో మట్టి గోడల చర్చి, మేం గుడి అనేవాళ్లం, దానికి ఆనుకుని మా గుడిసె. వాడలో వాళ్లంతా దొర గడీలో వెట్టి చేసేవాళ్లు. ఆ ఇళ్లలో ఆడవాళ్లు పొయ్యి వెలిగించే ప్రతిసారీ వండబోయే జొన్నల్లోంచి ఒక పిడికెడు తీసి పక్కన దాచేవాళ్లు. ఆదివారం ఆ పిడికిళ్లన్నీ కొంగున కట్టుకొచ్చి, రొట్టె, ద్రాక్షరసం పంచే ప్రభు బల్ల పక్కనున్న కుండలో పోసేవాళ్లు. ఆ కుండే మా వంటిల్లు. మిషన్ వాళ్లు పంపేది ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియదు. నేను వరి అన్నం తిని పెరిగిన పిల్లనేం కాదు, జొన్నసంకటి తెలిసినదాన్నే గానీ, అందరి ఇళ్ల జొన్నలు కలిసిన గట్క రుచే వేరు.

ఆ ఎండాకాలంలో నాకు తొలిచూలు ఆడపిల్ల పుట్టింది. ఆ నెలలోనే దొర హైదరాబాదు పారిపోయాడు. సంఘపోళ్లు, అంటే ఎర్రజెండా వాళ్లు, గడీ తాళాలు పగలగొట్టి గరిశెల్లోని వడ్లు ఇంటింటికీ పంచారు. చెరువు కింద పండిన సన్నవడ్లు. వాడలో రెండు రోజులు రోకళ్లు ఆగలేదు.

ఆ ఆదివారం గుడికి అందరికన్నా ముందు ఒక ముసలవ్వ వచ్చింది. మొగుడు లేడు, పిల్లలు లేరు, ఒంటరి మనిషి. కొంగు విప్పి కుండలో పోయబోయింది. తెల్లటి సన్నబియ్యం. మా ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు.

"అవ్వా, ఇవి యాడియి?"

"మాయే అయ్యగారూ. నా పెనిమిటి గా పొలానికి నీళ్లు గట్టవోయి పాము గరిసి సచ్చిండు. ఇరవై ఏండ్లు గడీల గా వడ్లు నేనే దంచిన. ఒక్క గింజ నోట్లె వడలె. గిప్పుడు దేవుడు వెట్టిండు. దేవుడు వెట్టింది దేవునికి తెచ్చిన."

"నీకు అన్నాయం జరిగింది, కాదంటలేను. గనీ తాళం పలగ్గొట్టి తెచ్చింది బల్ల ముంగట ఎట్ల పెడుదు?"

దొంగతనం చేయొద్దన్నది ఆజ్ఞ. అట్లా అని దేవుడికని తెచ్చినదాన్ని వెనక్కి పంపడం ఆయన వల్ల కాదు. ఆ ఇరకాటంలో మా ఆయన ఇంట్లోకి వెళ్లి ఇంకో కుండ తెచ్చాడు. బల్లకు దూరంగా, తలుపు మూల పెట్టాడు. గడీ నుంచి వచ్చిన గింజ అందులో పోయమన్నాడు. దాన్ని తాను తినడు, పారబోయడు, దేవుడు దారి చూపేదాకా అట్లాగే ఉంచుతాడు.

అవ్వ ఆ కుండను చూసింది, తర్వాత ఆయన్ను చూసింది. "ఊళ్లె మాకు వేరే కుండ. గీ గుడిల గూడ వేరే కుండేనా అయ్యగారూ?" అని అడిగింది.

 ఆయనా అటువంటి వాడలోనే పుట్టాడు. హోటల్లో చాయ వేరే గ్లాసులో తాగి, ఆ గ్లాసు తానే కడిగి పెట్టి పెరిగినవాడు. అవ్వ మూలకు నడిచి ఆ రెండో కుండలో బియ్యం పోసి, వెనక వరుసలో కూర్చుంది. ఆ రోజు పాట ఎవరూ గొంతెత్తి పాడలేదు.

తర్వాతి ఆదివారం నుంచి మిగతావాళ్లు బియ్యం తేవడం మానేశారు. ఉంటే జొన్నలు తెచ్చారు, లేకపోతే ఉత్త చేతులతో వచ్చారు. అవ్వ ఒక్కతే ప్రతి వారం సన్నబియ్యం తెచ్చి, అందరూ చూస్తుండగా ఆ మూల కుండలోనే పోసేది. ఎంత పంతం ఈ ముసల్దానికి అనుకునేదాన్ని.

ఆ వానాకాలమంతా బతుకు గండంగానే గడిచింది. ఒకరోజు రజాకార్లు వస్తున్నారని పరుగు, ఇంకోరోజు సంఘపోళ్ల కోసం పోలీసులు వస్తున్నారని పరుగు. మగవాళ్లు గుట్టల్లో ఉంటే చేలు ఎవరు చూస్తారు? బల్ల పక్క కుండలో జొన్నలు అడుగంటాయి. నాకు పాలు ఎండిపోయాయి. పిల్ల ఏడ్చి ఏడ్చి గొంతు పోగొట్టుకుని, చివరికి ఏడవడం కూడా మానేసింది. నాలుగడుగుల దూరంలో తలుపు మూల కుండలో బియ్యం.

"పిల్ల సచ్చేటట్టున్నది. గా కుండల చెయ్యి పెట్టనియ్యి," అన్నాను.

"దేవుడు ఇంకో తొవ్వ చూపుతడు," అన్నాడు మా ఆయన. ఆయన కళ్లల్లో నీళ్లున్నాయి. ఆ నీళ్లు చూస్తే నాకు ఇంకా ఒళ్లు మండింది.

ఆయన పక్క ఊరికి ప్రార్థనకు పోయిన రోజు నేను మూత గుడ్డ విప్పి ఒక పిడికెడు తీసుకున్నాను. గంజి కాచుకుని తాగాను. రెండు రోజుల తర్వాత మళ్లీ ఒకటి. అవ్వ పిడికెడు పోయడం, నేను పిడికెడు తీయడం. పిల్ల మళ్లీ గట్టిగా ఏడవడం మొదలుపెట్టింది. నాకు సిగ్గు వేయలేదు, భయం వేసింది. మా ఆయనతో చెప్పలేదు. చెబితే ఆయన కోప్పడడు, మోకాళ్ల మీద కూర్చుని నా కోసం ప్రార్థన చేస్తాడు. అది నేను భరించలేను.

ఆ తర్వాత యూనియన్ మిలిటరీ వచ్చింది. రజాకార్లు పోయారని మేమూ చేతులు జోడించి పాటలు పాడాం. ఆ సంబరం ఎన్నాళ్లో నిలవలేదు. మిలిటరీ వెనకే దొర మనుషులు తిరిగొచ్చారు. సంఘపోళ్ల కోసం, గడీ వడ్లు తిన్నవాళ్ల కోసం ఇల్లిల్లూ వెతకసాగారు. చలికాలంలో ఒక పొద్దున మా వాడకూ లారీ వచ్చింది. దొర దగ్గర లెక్కాపత్రం చూసే శేరిదారు వాళ్లకు దారి చూపుతున్నాడు.

ఇళ్లలో ఏమీ దొరకలేదు. వడ్లు ఎప్పుడో తిని అరిగిపోయాయి. అందరినీ గుడి ముందు నిలబెట్టి, శేరిదారు గుడి లోపలికి పోయి తలుపు మూల కుండ ఎత్తుకొచ్చాడు. చెయ్యి పెట్టి బియ్యం తీసి ఎండలో చూపించాడు.

"దొర పొలం బియ్యం. గింత సన్నటియి గీ వాడల ఎవలకు పండుతయ్? వీటిని మల్ల వేరే దాసిపెట్టిండ్రు! ఎవలు తెచ్చి పోసిండ్రో చెప్పు అయ్యగారూ. నువ్వు అబద్ధమాడవట గద."

అవ్వ ముందు వరుసలోనే ఉంది.  మా ఆయనకు అబద్ధం రాదు. నిజం చెబితే ముసలిదాన్ని లారీ ఎక్కిస్తారు. నేను పిల్లను చంకనేసుకుని ముందుకు పోయాను.

"నేనే తెచ్చిన. నా బిడ్డకు పాలు లెవ్వు. గరిశెల కాడికి వోయి ఒడిల పోస్కొచ్చిన. ఆయినెకు తెల్వది."

శేరిదారు పగలబడి నవ్వి మిలిటరీ ఆఫీసరుకు ఉర్దూలో చెప్పాడు. నిజమేనా అని ఆఫీసరు మా ఆయన్ను అడిగాడు. ఆయన నన్ను చూశాడు, అవ్వను చూశాడు.

"ఆమె చంకల పసిపిల్ల ఉంది. ఆమెను ఇడిసిపెట్టున్రి. గుడి నాది, కుండ నాది. నన్ను తీస్కపోన్రి," అన్నాడు.

బియ్యం సంచిలో వంపుకుని, ఉత్త కుండ మా ముందు పడేసి, ఆయన్ను లారీ ఎక్కించుకుని పోయారు. వాళ్ల క్యాంపులో మూడు నెలలు ఉంచారు. తిరిగొచ్చేసరికి కుడిచేతి రెండు వేళ్లు వంకరపోయి ఉన్నాయి. అక్కడేం జరిగిందో ఆయన చెప్పలేదు. ఆ వేళ్లకు నూనె రాసినన్నాళ్లు నేను దొరను, మిలిటరీని, సంఘపోళ్లను, దేవుణ్ని వరసబెట్టి తిట్టాను.

ఆ నెల ప్రభు బల్ల రోజున ఆయన వంకర వేళ్లతో రొట్టె విరిచి అందరికీ ఇచ్చాడు. గిన్నె అందించాడు. తాను మాత్రం తీసుకోకుండా బల్ల మీద గుడ్డ కప్పేశాడు. తప్పు చేసినవాళ్లను బల్లకు దూరంగా ఉంచడం మా పద్ధతి. ఆ శిక్ష ఆయన తనకే వేసుకున్నాడు. ఎందుకని ఎవరైనా అడిగితే నేల చూసేవాడు. అంతటితో ఆగలేదు. ఆ ఉత్త కుండను కడిగి, ఇంట్లో ఒక మూల పెట్టి, నీళ్లు పోసుకుని తానొక్కడే అందులో తాగేవాడు. ఎందుకో నాకు తెలుసనుకున్నాను. నేనాడిన అబద్ధానికి తాను నోరు మూసుకుని నిలబడ్డాడు కదా, ఆ పాపాన్ని రోజూ నా కళ్లముందు పెడుతున్నాడు.

నా కోపం ఇంతా అంతా కాదు. అబద్ధం ఆడింది నేనైతే ఆపాల్సింది నన్ను. నాకెందుకు రొట్టె ఇస్తాడు? ఒక ముసలిదాన్ని కాపాడిన మాట పాపమైతే, ఆమెను వాళ్లకు అప్పజెప్పే నిజం పుణ్యమా? ప్రతి నెలా నా అరచేతిలో రొట్టె ముక్క పెట్టేవాడు, దాన్ని నమలకుండా మింగేదాన్ని. ఒకసారి కోపం ఆగక ఆ కుండ మీదికి చెంబు విసిరాను. అంచు పెచ్చు లేచింది, అంతే. ఆయన ఏమీ అనకుండా ఆ పెచ్చు లేచిన వైపే తాగాడు. నేరుగా అడిగేయొచ్చు. కానీ అడిగితే, ఆ బియ్యం తిన్న సంగతి నేనూ చెప్పాలి. అందుకే అడగలేదు. అట్లా ఆరేళ్లు గడిచాయి. పిల్ల బడికి పోతోంది. ఒకే ఇంట్లో ఇద్దరం రెండు మూలల్లో బతికాం.

ఆ ఏడు అవ్వ చేను గట్టు మీద జారి కాలు విరగ్గొట్టుకుంది. గుడికి రాలేనివాళ్లకు ఇంటికే తీసుకెళ్లి ఇవ్వడం ఉంది కాబట్టి, ఆరాధన అయ్యాక మిట్టమధ్యాహ్నం ఆయన రొట్టె, నేను గిన్నె పట్టుకుని ఆమె గుడిసెకు పోయాం. నులక మంచం మీద కూర్చుని ఉంది. ఆయన రొట్టె చాపితే చెయ్యి పట్టలేదు.

"నువ్వు తిన్నవా అయ్యగారూ?"

ఆయన చాపిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"ఆరేండ్లాయె, నువ్వు తింటలేవని వాడంత చూస్తాంది. నాకోసం అమ్మగారు ఒక్క మాట అబద్ధమాడితే గింత శిక్షనా?"

ఆయన నిజంగానే ఆశ్చర్యపోయాడు. "అబద్ధానికా? అబద్ధానికి గాదు అవ్వా. నీ పిడికిలి నేను వేరే పెట్టిన. గీడ గూడ వేరే కుండేనా అని నువ్వడిగితే జవాబు చెప్పలేకపోయిన. అందరియి కలిపి పోసుకొని తినుంటే మిలిటరోళ్లకు దొరికేటిదేముండె? నా నీతి కోసం నిన్ను మూలకు వెట్టిన. గా మూలనే వాళ్లకు నిన్ను చూపెట్టింది. నాకు అందరితోటి తినే మొకం లేదు."

 ఆరేళ్లు నేను చేసిన పోట్లాటంతా లేని మాట మీద. ఆయన మీద జాలి, నా మీద నాకు రోత ఒక్కసారే వచ్చాయి.

అవ్వ నవ్వింది. "కోపమచ్చింది, అబద్ధమెందుకు. వానలు వడేదాంక ఉండె. ఆనక ఒక వారం చూస్తే కుండల బియ్యం తగ్గినయ్. ఎలుకలనుకున్న. ఎలుకలైతే మూతగుడ్డ కొరుకుతయ్, గుడ్డ మంచిగనే ఉంది." అప్పుడు నావైపు తిరిగింది. అన్నాళ్లూ నన్ను అమ్మగారూ అనే పిలిచిన మనిషి. "నీ పిల్ల బుగ్గలు చూసిన బిడ్డా. గప్పుడు సమజైంది. గందుకే ఆగకుంట వారం వారం పోసిన. నాకేం పంతం? నీకు పాలు వడాలె గద."

మా ఆయన తల తిప్పి నన్ను చూశాడు.

"నేనే తిన్న," అన్నాను. ఆరేళ్ల కింద గుడి ముందు నేనే తెచ్చానని ఎంత గట్టిగా అరిచానో, ఈ రెండు మాటలూ అంత చిన్నగా వచ్చాయి.

ఆయన కోప్పడలేదు, ప్రార్థనా చేయలేదు. రొట్టె విరవబోయాడు. వేళ్లకు పట్టు చిక్కలేదు. అవ్వ ఆయన చేతిలోంచి రొట్టె తీసుకుని మూడు ముక్కలు చేసి, ఒకటి ఆయన అరచేతిలో, ఒకటి నా అరచేతిలో పెట్టింది. ఆయన తిన్నాడు. నేను తిన్నాను. గిన్నె ముగ్గురం తాగాం.

బయటికి వస్తూ గడప దగ్గర నేను ఆగిపోయాను. ఆ నెలలన్నీ బియ్యం మా కుండలో పోసి ఆమె గట్క తాగి బతికి ఉంటుందన్న సంగతి అప్పుడే తట్టింది.

"అవ్వా, గా సన్నబియ్యం నువ్వసలు తిన్నవా?"

"తినక? తెచ్చిన నాడు ఒక్క పూట వండుకున్న," అంది అవ్వ. "మస్తు మంచిగుండె బిడ్డా."