ఏడుగురి టేపులు

పోయే ముందు ఆయన చేసిన ఆఖరి పని రెడీమేడ్ కంపెనీ చొక్కాకి గుండీ కుట్టడం. పక్కింటి పిల్లాడి బడి చొక్కా అది. ఒక్క ఉతుక్కే రెండు గుండీలు రాలిపోయాయి. చచ్చిన ఎలుకను పట్టుకున్నట్టు దాన్ని రెండు వేళ్లతో ఎత్తి పట్టుకుని, "గుండీ నిలబెట్టడం చేతకాని వెధవలకి గాజు తలుపుల కొట్లు!" అని తిట్టాడు. తిడుతూనే గట్టిగా కుట్టి, దారాన్ని పళ్లతో తెంపాడు. తర్వాత మెడలో టేపు అలా వేలాడుతుండగానే "ఇప్పుడే వస్తా" అంటూ బయల్దేరి, వీధి మలుపు దాటకుండానే కుప్పకూలాడు.

వీధంతా ఆయన్ని కాలరు మాస్టారు అనేది. కాలరు కుట్టడంలో ఆయన తర్వాతే ఎవరైనా. కోపం కూడా కాలరు లాంటిదే, ఎప్పుడూ బిర్రుగా నిలబడి ఉండేది. పక్కన కూర్చుని కాజాలు కుట్టే కూతురికి ఆస్తి రాలేదు గానీ ఆ కోపం మాత్రం చిల్లుపడకుండా వచ్చింది.

పరామర్శకు వచ్చిన దర్జీలు "కంపెనీయే మింగేసిందమ్మా మీ నాన్నని" అంటుంటే ఆమెకు ఒళ్లు మండిపోయింది. కంపెనీ మింగిందా? వీళ్లే మెత్తగా నమిలి దాని నోట్లో పెట్టలేదూ?

అంతకు కొన్నాళ్ల ముందు, బడి చొక్కాల పని మొత్తం కంపెనీకి పోయాక, మాస్టారే వీధిలో దర్జీలందర్నీ పోగేశాడు.

"ఏడు మిషన్లున్నాయి. ఏడుగురం కలిస్తే మనమే ఒక కంపెనీ. వాడికంటే మనకేం తక్కువరా?"

"గాజు తలుపు" అన్నాడు కూతురి మేనమామ. ప్యాంట్లు తప్ప మరోటి ముట్టని మనిషి.

మాస్టారు వెళ్లి హెడ్మిస్ట్రెస్‌ని బతిమాలాడు. ముందు ఒక్క తరగతికి కుట్టి చూపించమంది ఆవిడ. ఏడుగురూ పంచుకుని కుట్టారు. ఎద్దు చేత లాగించినా ఊడని గుండీలు. ఆవిడ ఒకే సైజువి రెండు చొక్కాలు తీసి, బల్లమీద ఒకదానిపై ఒకటి పరిచింది. ఒకదాని చెయ్యి రెండోదానికంటే రెండు వేళ్లు బయటికొచ్చింది.

"ఇది అన్నదీ, ఇది తమ్ముడిదీనా మాస్టారూ?"

"రెండూ ఒకటే కొలతమ్మా."

"మరి పిల్లలకేం చెప్పను? చేతులు కోసుకోమనా? బడి తెరిచేలోగా సరిచేసుకొస్తే చూస్తాను. లేదంటే కంపెనీకే."

ఆ సాయంత్రమే కూతురు ఏడుగురి మెడల్లోంచీ టేపులు లాగి, మొదళ్లు కలిపి, బట్టలు కత్తిరించే బల్లమీద వరసగా పరిచింది. ఇటు చివరలు అరిగిపోయిన చీపురులా ఎగుడుదిగుడుగా ఉన్నాయి. ఏళ్ల తరబడి మెడల్లో వేలాడి, చెమటకి నాని, ఎవరి టేపు వాళ్ల చేతిలో సాగిపోయింది. మనిషిని కొలిచిన టేపుతోనే గుడ్డ కోస్తే ఆ తేడా తెలీదు. కాగితం మీది అంకె చూసి ఏడుగురూ కోసేసరికి గుట్టు రట్టయింది.

"అందరూ ఒకే రకం కొత్త టేపులు కొనుక్కోండి. అంతే" అంది.

అంతే అనుకుంది. కొంప మునిగినట్టు లేచారు.

"ఇది మా గురువుగారి చేతిది!"

"నా టేపు సాగిందంటే నా చెయ్యి సాగిందన్నట్టే!"

"ప్యాంటుకి నా టేపే వేదం" అన్నాడు మేనమామ.

అందరికంటే పెద్ద గొంతు తండ్రిదే. "సాగినవి మీవిరా, నాది కాదు! నా టేపు అబద్ధమైతే ఇన్నేళ్లు నేను కుట్టినవన్నీ అబద్ధాలేనా?"

"కంపెనీని దించుతారట కంపెనీని! ముందు మెడలో టేపులు దించండి నాన్నా!" అని అరిచింది కూతురు. "వాడికి చేతకాకపోయినా కొలత ఒక్కటుంది. మీకు చెయ్యి ఉంది, దాన్ని మించిన పొగరుంది. ఎవరికి వారే మహారాజులు, అందరూ కలిసి ఒక చొక్కా కుట్టలేరు!"

ఆయన కత్తెర బల్లమీద విసిరికొట్టాడు. ఆ తర్వాత తండ్రీకూతుళ్ల మధ్య మాటల్లేవు. కుట్టాల్సినవి ఆయన తోసేవాడు, ఆమె అందుకునేది.

ఆయన పాడె మొయ్యడానికి వచ్చిన ఆరుగురి మెడల్లోనూ ఎవరి టేపు వారికే ఉంది. ఆ టేపులతోనే ఒక్కొక్కరికీ ఉరి బిగించాలనిపించింది ఆమెకు. తండ్రి మెడలోంచి వాళ్లు తీసి ఇచ్చిన టేపుని మేకుకి తగిలించింది. అటు చూసినప్పుడల్లా తిట్టుకునేది. చావులోనూ వదల్లేదు, మొండి మనిషి.

బడి తెరిచారు. పిల్లలు కంపెనీ చొక్కాల్లో వెళ్లారు. ఆ వారంలోనే గుండీల కొట్టాయన చేతిలో పొట్లంతో గుమ్మంలోకి వచ్చాడు.

"మీ నాన్న చెప్పి పెట్టినవమ్మా, టేపులు. అన్నీ ఒకే పెట్టెలోంచి తీయమన్నాడు. పోయిన రోజే వచ్చి తీసుకుపోతానన్నాడు, ఇంతలోనే..."

ఆమె పొట్లం విప్పింది. "ఆరుగురికి ఏడెందుకు బాబాయ్? ఆయన తన టేపు మార్చేవాడు కాదుగా."

"ఏడనే చెప్పాడమ్మా. పాతది నా కొట్లోనే పారేసి, కొత్తది మెళ్లో వేసుకుని పోతానన్నాడు. అమ్మాయికి మాత్రం చెప్పకురా, నెత్తికెక్కుతుంది అన్నాడు."